417వ నంబరు పుస్తకంలో ఇరవై మూడు తప్పులు

మదనపల్లెలో బస్టాండు వెనక సందులో వాచీలు బాగుచేసే భాయ్ ఒకాయన నవలలు అద్దెకిచ్చేవాడు. వాచీల కంటే నవలలే బాగా నడిచేవి. గోడకు కొట్టిన అట్టముక్క మీద మూడు నియమాలు ఉండేవి. ఒకటి, పుస్తకంలో రాయరాదు. రెండు, పేజీల మూలలు మడవరాదు. మూడు, తింటూ చదవరాదు. ఆ ఊళ్లో ఆ మూడింటినీ పాటించిన పాఠకుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మిగతావాళ్లు పేజీల అంచుల్లో "ఇక్కడ నాకు చెమటలు పట్టాయి", "ఈ హీరోయిన్‌కు బుద్ధి లేదు", "ఒంటరిగా ఉంటే ఈ పేజీ వదిలెయ్యండి" అని ఇష్టమొచ్చినట్టు రాసేవాళ్లు. వాళ్లెవరి కొంపా మునగలేదు. నియమం పాటించి విడి కాగితం మీద రాసుకున్న నా వల్ల మా అక్క కాపురం కూలిపోబోయింది.

ఇది తొంభైల చివరి మాట. నేను డిప్లొమా ముగించి కుప్పంలో ఒక గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీలో చేరాను. నా పని చెకింగు. పాలిష్ అయి వచ్చిన ప్రతి పలక మీదా ట్యూబ్‌లైటు వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూసి, గీత, పగులు, మచ్చ, రంగు తేడా ఎక్కడున్నాయో ఒక అచ్చు కాగితంలో ఎర్ర పెన్నుతో ఎక్కించాలి. కాగితం పై సగంలో పన్నెండు గళ్లుంటాయి. పలకను పన్నెండు భాగాలుగా అనుకుని, ఏ భాగంలో ఎన్ని లోపాలున్నాయో ఆ గడిలో అంకె వేస్తాం. కింది సగంలో ఒక్కో లోపానికి ఒక్కో వరస. పొద్దంతా ఇదే చేసేవాడి చేతికి సాయంత్రం నవల ఇస్తే దాన్ని కూడా ఇలాగే చూస్తాడు.

అక్కకూ నాకూ ఇది చిన్నప్పటి ఆట. పెళ్లి కాకముందు మేమిద్దరం ఒకే పుస్తకాన్ని వంతులేసుకుని చదివి, కథలో పొరపాట్లు ఎవరు ఎక్కువ పట్టారని పోట్లాడుకునేవాళ్లం. తర్వాత ఆమెను పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో ఒక పల్లెకు ఇచ్చారు. నేను శనివారం కుప్పం నుంచి పలమనేరు మీదుగా మదనపల్లెలోని మా ఇంటికి వెళ్లి, ఆదివారం తిరిగొచ్చేటప్పుడు పుంగనూరులో దిగి, ఆటోలో ఆమె ఇంటికి పోయి, నేను చదివేసిన నవలను ఆమెకిచ్చి, ఆమె చదివేసింది తీసుకునేవాణ్ణి. నా తప్పుల లిస్టు పుస్తకంలోనే పెట్టి ఇచ్చేవాణ్ణి. ఆమె చదివి, నాకు దొరకనిది ఒక్కటైనా పట్టి, వచ్చే ఆదివారం నన్ను ఎగతాళి చేసేది. మాకు వేరే మాటలు పెద్దగా ఉండేవి కావు. ఇదే మా మాట.

417 ఒక క్షుద్ర నవల. దానికి వేరే పేరు ఉండే ఉంటుంది. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోతే భాయ్ ఖాకీ కాగితం వేసి, స్కెచ్ పెన్నుతో 417 అని రాశాడు. కథ మామూలే. పాడుబడిన కోటలో ఒక మాంత్రికుడు. రాగి కూజాలో బంధించిన ఒక ప్రేతం. కొండ కింద ఊళ్లో కొత్త కోడలున్న ఒక ఇల్లు. ఆ ఇంటి మీద మాంత్రికుడి కన్ను. అతణ్ణి ఎదిరించడానికి గుడి పూజారి మనవడు, సైన్సు చదివినవాడు. ఇరవై నాలుగు ప్రకరణాలు. అందులో ఇరవై రెండింట్లో చెడు పనిచేస్తూనే ఉంటుంది. వేళకు లేస్తుంది, సామాను సమకూర్చుకుంటుంది, అమావాస్యలు గుర్తుపెట్టుకుంటుంది. మంచి మాత్రం ఏ పనీ చేయకుండా, చివరి రెండు ప్రకరణాల్లో తీరిగ్గా వచ్చి గెలుస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై నాలుగు ప్రకరణాలను పన్నెండు గళ్లకు సర్దాను, గడికి రెండు చొప్పున. మొత్తం ఇరవై మూడు తప్పులు తేలాయి. తొమ్మిది గళ్లలో అంకెలు పడ్డాయి. మూడు గళ్లలో తప్పులేమీ దొరక్క ఖాళీగా వదిలేశాను.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో ఉంచి అక్కకిచ్చాను. తర్వాతి రెండు ఆదివారాలూ నాకు ఫ్యాక్టరీలో డ్యూటీ పడింది, వెళ్లలేకపోయాను. ఆ పక్క గురువారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆఫీసుకు ఫోనొచ్చింది. అక్క పుంగనూరులో ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుతోంది.

"ఒరే, నీ లిస్టు నా కొంప ముంచిందిరా."

"ఏమైందక్కా?"

"మా అత్త చేతికి సిక్కింది. నేను చేతబడి చేస్తాండానంట. నా చేతి కూడు తినేది మానేసింది. ఆవుల దగ్గరికి పోనీలేదు. మదనపల్లెకి పొమ్మంటాంది."

"లిస్టు చూస్తే తెలుస్తుంది కదా! పేజీ నంబర్లు కూడా వేశాను."

"తెలివి తక్కువోడా, లిస్టులో ఏం రాసినావో నీకు గ్యాపకం ఉండాదా?"

గుర్తుంది. నాలుగు, ఐదు నంబర్లు మరీ బాగా గుర్తున్నాయి.

"పోనీ, నాలుగు రోజులు మదనపల్లెకి వచ్చెయ్ అక్కా. అన్నీ సర్దుకుంటాయి."

"రాను," అంది. "ఈ మాట పడి గడప దాటితే మల్లా ఈ ఇంట్లోకి మనిషిగా రాలేను. ఊరంతా అదే అనుకుంటాది. నువ్వే రాసినావు, నువ్వే వచ్చి సెప్పు."

సూపర్‌వైజరుకు మా అక్కకు ఒంట్లో బాగాలేదని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టాను. చేతబడి అని సెలవు చీటీలో ఎలా రాస్తారు?

శుక్రవారం ఉదయం నేను వెళ్లేసరికి అక్క ఇంటి ముందు పడసాలలో ఒక మూల వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. వంటింటి గుమ్మంలో ఆమె అత్త నిలబడి ఉంది. ఆమెది చిన్న ఆకారం, పెద్ద గొంతు. నేనామెను అత్తా అనే పిలుస్తాను. ఆమెకు చదువు రాదు. కానీ ఆ ఇంట్లో మూడు ఆవులు, రెండెకరాల టమోటా, ఒక కొడుకు, అన్నీ ఆమె కనుసన్నల్లోనే నడుస్తాయి. ఆ కొడుకు, అంటే మా బావ, నన్ను చూడగానే చెప్పులేసుకుని తోటకు బయల్దేరబోయాడు.

"యాడికిరా పోతాండావు? కూసో," అంది ఆమె. బావ కూర్చున్నాడు.

ఆమె బీరువా మీద నుంచి ఒక స్టీలు పళ్లెం దించి నా ముందు పెట్టింది. నేరం జరిగిన చోట దొరికిన వస్తువుల్లా అన్నీ అందులో వరసగా ఉన్నాయి. ఒకటి, నా కాగితం, ఎర్ర సిరాతో రాసింది. రెండు, దాని మీదా పుస్తకంలో ఒక పేజీ మీదా పసుపు వేలిముద్ర. అక్క వంట చేస్తూ చదివిందన్నమాట. భాయ్ మూడో నియమానికి తూట్లు. మూడు, ఒక తల పిన్ను, దానికి చుట్టుకున్న రెండు వెంట్రుకలు. అక్క ఆ పిన్నునే చదివిన పేజీ గుర్తుకు పెట్టుకుంటుంది. నాలుగు, అన్నింటి కింద 417.

"సదవరా," అని కొడుక్కి సైగ చేసింది.

బావ గొంతు సవరించుకుని చదివాడు. "ఒకటి. నిమ్మకాయలు ఏడు చాలు, తొమ్మిది ఎందుకు? రెండు. నల్లకోడిని కోశారు, మళ్లీ కూస్తోంది. మూడు. పడమటి వాకిలి తూర్పుకు ఎలా తిరిగింది? నాలుగు..." ఆగాడు.

"సదవరా!"

"నాలుగు. ఆవు పాలు ఆగిపోవాలి. ఇంకా ఎలా వస్తున్నాయి? ఐదు." బావ నన్ను జాలిగా చూశాడు. "అత్త చావాలి. ఇంకా ఎందుకు బతికి ఉంది?"

పడసాలలో వేరుశనక్కాయల చప్పుడు ఆగిపోయింది.

"ఇంగ ఏం సెప్తావప్పా?" అంది ఆమె.

నేను చెప్పడం మొదలుపెట్టాను. అది నా జీవితంలో నేను చేసిన అతి కచ్చితమైన వివరణ, అతి పనికిమాలింది కూడా. నాలుగో ప్రకరణంలో మాంత్రికుడు ఆ ఇంటి ఆవు పాలు ఆగిపోయేట్టు ప్రయోగం చేస్తాడు. ఐదో ప్రకరణంలో అదే ఇంట్లో వాళ్లు పాయసం వండుకుని తింటారు. పాలెక్కడివి? తొమ్మిదో ప్రకరణంలో కొత్త కోడలి అత్తను పాము కరుస్తుంది, పాడె కూడా కడతారు. పద్నాలుగులో ఆ అత్తే వచ్చి చాపలు ఆరేస్తుంది. కాబట్టి చావాల్సింది కథలో అత్త.

"మా ఎర్రావు పాలు ఆగినాయి," అంది ఆమె. "అది కూడా కతలోనేనా?"

కొట్టంలో ఉన్న మూడింట్లో ఎర్రావే పెద్దది. బకెట్టు లోపల అక్క మేకుతో గీసిన గీత ఒకటుంది. ఎర్రావు పూటకు ఆ గీత దాకా ఇస్తుంది. రెండు వారాలుగా గీతకు రెండు వేళ్ల కిందే ఆగిపోతోందట.

"ఆ గళ్లేందప్పా మరి?" అని కాగితం పై భాగం మీద వేలు పెట్టింది. "పుంగనూరులో తాయెత్తులు కట్టే పెద్దాయనకు సూపించినా. యంత్రం మాదిరే ఉండాదన్నాడు. తొమ్మిది గళ్లు నిండినాయి, మూడు మిగిలుండాయి, అవి నిండితే పని అయిపోతాదన్నాడు."

"అవి నిండవు అత్తా. ఆ మూడు గళ్లలో తప్పుల్లేవు."

"అంటే మిగిలిన తొమ్మిదింట్లో తప్పులుండాయని ఒప్పుకుంటాండావు."



బావ నన్ను నీళ్లతొట్టి దగ్గరికి పిలుచుకుపోయాడు. "ఏమప్పా, ఇదంతా యాల? నేను రాయలేదు, అది యాడ్నుంచో పుస్తకంలో వచ్చిందని ఒక మాట అనెయ్. కాణిపాకం పోయి ప్రమాణం చేస్తే మాయమ్మ నమ్మేస్తాది. బస్సు చార్జీ నేను పెట్టుకుంటా."

"నేనే రాశాను కదా బావా."

"రాసినావులే. రాయలేదని సెప్పమంటాండా."

"అక్కడ నిలబడి అబద్ధం ఎలా చెప్తాను?"

"మా ఇంట్లో ఇంత పుట్టించినావు, ఆడ చిన్న అబద్ధం సెప్పలేవా?" అని బకెట్టు విసురుగా దించి వెళ్లిపోయాడు. ఆయన కోపమూ న్యాయమే.

ఆ తర్వాత అక్క ఎవరూ చూడకుండా కొట్టం వెనక నాతో ఒక మాట చెప్పింది. ఆమె రోజూ సాయంత్రం ఐదింటికి ఆవులను పిండుతుంది. 417 చదివిన ఆ వారం మాత్రం ఏ రోజూ ఆరున్నరకు ముందు లేవలేదు.

"ఆ కూజా యాడ పగలగొడతారో సూసి లేద్దామనుకుంటే లేదురా. ప్రతి పేజీకి ఇంగో పేజీ. సాయంత్రం పిండేది లేటయితే పొద్దున పాలు యాడ్నుంచి వస్తాయి? అట్లా తగ్గినాయి. తర్వాత మాయత్త పిండతాంది. ఎర్రావుకు ఆమె చెయ్యి అలవాటు లేదు, సేపుకోదు, పాలు దిగనీదు."

"మరి ఇదే చెప్పొచ్చు కదా!"

"నేను కతల పిచ్చిలో ఆవును ఎండబెట్టినానని సెప్పాల్నా? అదొకటే తక్కువ. నువ్వు గాని నోరు తెరిచినావంటే సంపేస్తా."

అంటే పాలు తగ్గడానికి కారణం నిజంగానే 417. ఆ కారణం నాకు తెలుసు, అక్కకు తెలుసు, ఆవుకు తెలుసు. చెప్పడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు.

మధ్యాహ్నం సంగటి తిన్నాక నేను మళ్లీ ఆమె ముందు కూర్చున్నాను. ఆమె తన ముద్ద తనే చేసుకుని తిన్నది.

"అత్తా, నేను చెప్పేది నమ్మవద్దు. పుస్తకం నమ్ము. కాగితంలో ఏమున్నా అది ఈ కథ గురించే. కథ వింటే నీకే తెలుస్తుంది."

"నేను సదవలేను. సదివేటోళ్లంతా ఆయమ్మ పక్కనే ఉండారు. నువ్వు తమ్ముడు, వీడు మొగుడు. నీకు తోచింది కలిపి సదివితే నాకేం తెలస్తాది?"

సరైన అనుమానమే. నేను చెకింగు వాణ్ణి, ఆ అనుమానాన్ని గౌరవించక తప్పదు. ఒక నిమిషం ఆలోచించి పద్ధతి కూడా ఆమే చెప్పింది. నేను ఒక పేజీ చదవాలి. తర్వాత నేను కొట్టంలోకి పోవాలి. అప్పుడు ఆమె కొడుకును పిలిచి అదే పేజీ చదివిస్తుంది. రెండూ మాటకు మాట కుదరాలి. ఏ పేజీ రెండోసారి చదివించాలో ఆమె ఇష్టం, ముందుగా చెప్పదు. మా ఫ్యాక్టరీలో బయటికి పోయే సరుకును సరిగ్గా ఇలాగే చూస్తారు. అచ్చు కాగితం లేకుండా, డిప్లొమా లేకుండా ఆమె అది కనిపెట్టింది. నాకు మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకునే పరిస్థితి కాదు.

ఇక మొదలైంది. రెండు వందల ఎనభై పేజీలు. నేను పడసాలలో గోడకానుకుని చదువుతుంటే, ఆమె ఎదురుగా చింతపండు పిక్కలు తీస్తూ వింటోంది. మధ్యలో ఎక్కడో "ఆగు" అనేది. నేను లేచి ఎర్రావు పక్కన నిలబడేవాణ్ణి. బావను తోట నుంచి కేకేసి పిలిచేవాళ్లు. ఆయన కాళ్ల మట్టితో వచ్చి, "కూజాలోంచి నల్లని పొగ సుడులు తిరుగుతూ" అని విసుగ్గా చదివి, "సరిపోయిందా తల్లీ?" అని మళ్లీ తోటకు పోయేవాడు. మొదటి రోజు నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ కుదిరింది. నాలుగోసారి బావ, "ఈ పుస్తకంలో మాంత్రికుడు కూడా నన్ను ఇంత సతాయించడు," అన్నాడు.

నేను ఒక్కో తప్పు దగ్గరికి రాగానే ఆగి, కాగితం చూపించి, "ఇదిగో, ఒకటో నంబరు, నిమ్మకాయలు," అనేవాణ్ణి. ఆమె తల ఊపేది కాదు. "సదువు," అనేది. నల్లకోడి దగ్గర ఆగాను. "సదువు." పాయసం దగ్గర ఆగి, "చూడు అత్తా, ఆవు ఎండిపోయింది, పాయసం ఎలా చేశారు?" అన్నాను.

"పక్కింట్లో అడిగి తెచ్చుకోనుంటారు," అంది.

నేను మళ్లీ చదవడం మొదలుపెట్టాను. అది నిజంగా నాకు తట్టలేదు.

రెండో రోజు శనివారం. పొద్దున ఆమె ఎర్రావును పిండి వచ్చింది. గీతకు రెండు వేళ్ల కిందే. బకెట్టు పక్కన పెట్టి, "కానీ," అంది. పాముకాటు దగ్గరికి వచ్చేసరికి చింతపండు పని ఆపేసింది. పాడె కట్టారు. అక్క మూలలో తల దించుకుంది. పద్నాలుగో ప్రకరణం తెరిచి, "అత్త పెరట్లో చాపలు ఆరేస్తూ కోడలిని పిలిచింది" అని చదివాను.

ఆమె చేయి పైకెత్తింది. నేను లేచి కొట్టంలోకి వెళ్లాను. బావ వచ్చాడు. అదే వాక్యం చదివాడు. నేను తిరిగొచ్చేసరికి ఆమె నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"పాడె మింద పోయినామె మల్లా సాపలు ఆరేస్తాందా! ఎవురప్పా ఇది రాసింది?"

"అదే అత్తా నేను అడిగింది. ఇంకా ఎందుకు బతికి ఉంది అని."

"దయ్యమై వచ్చిందేమో అనుకున్నా. దయ్యం సాపలు ఆరేస్తాదా?" అని అక్క వైపు చూసి, "నువ్వు పట్టినావా మ్మే ఇది?" అంది.

అక్క పది రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు జవాబిచ్చింది. "వాడి కంటే ముందే పట్టినానత్తా."

అది అబద్ధం. నేను పేజీ తిప్పాను.

ఆ మధ్యాహ్నం పదిహేడో ప్రకరణం. అమావాస్య వెళ్లిన మూడో నాడు, సరిగ్గా నడిరాత్రి, చంద్రుడు కోట బురుజు మీదికి వస్తాడు. ఆ వెన్నెల్లో పూజారి మనవడు మాంత్రికుడి నీడను చూసి గుర్తుపడతాడు. నేను ఎప్పటిలాగే చదువుకుంటూ పోతున్నాను.

"ఉండుండు," అంది. "ఎన్నో నాడు?"

"అమావాస్య వెళ్లిన మూడో నాడు."

"మూడోనాటి చంద్రుడు పొద్దుగూకినాక రవంతసేపే కనపడతాడు. మేము ఆవులను కట్టేసేలోపల దిగిపోతాడు. నడిరాత్రి యాడ్నుంచి వస్తాడు?" నా చేతిలోని కాగితం వైపు వేలు చూపింది. "ఇది రాసినావా?"

చూశాను. లేదు. సైన్సు చదివిన మనవడికీ తెలియలేదు, డిప్లొమా చదివిన నాకూ తెలియలేదు.

"రాయలేదు అత్తా."

"రాసుకో మరి," అంది.

నేను పెన్ను తీసి ఇరవై నాలుగో వరసలో రాశాను. తొమ్మిదో గడి అంతవరకూ ఖాళీగా ఉండింది. అందులో ఒకటి వేశాను. ఆ గళ్లు నిండితే పని అయిపోతుందని విని వచ్చిన మనిషి, గడి నిండుతుంటే మెడ చాచి చూసింది కానీ అభ్యంతరం చెప్పలేదు. ఇంక ఈ గొడవ ముగిసిందనుకున్నాను. ఆమె మాత్రం అక్కను వంటింట్లోకి పిలవలేదు. ఆవు సంగతి ఇంకా తేలలేదు కదా.

సాయంత్రం ఐదయింది. మాంత్రికుడు కోట కింద గుహలో చిక్కుకున్నాడు. ఎర్రావు అరిచింది. నేను పుస్తకం దించి ఆమె వైపు చూశాను.

"వాడు గుహలోంచి బయటికి వచ్చినాడా లేదా, అది సెప్పు ముందు."

వచ్చాడు. కూజా దొరకలేదు. ఎర్రావు మళ్లీ అరిచింది, మిగతా రెండూ అందుకున్నాయి. అక్క లేవబోయి, తనను అటు పోవద్దన్నారని గుర్తొచ్చి కూర్చుంది. "అత్తా, ఆవులు..." అంది.

"అరవనీలే. ఇంగో పేజీ."

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూడకుండా పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. మంచి వచ్చి, చెడును కూజాతో సహా పగలగొట్టి, గెలిచి, చివరి పేజీలో భాయ్ ముద్ర కనపడేసరికి ఆరున్నర దాటింది. ఆమె అప్పుడు లేచి గబగబా కొట్టంలోకి పోయింది.

ఆదివారం పొద్దున ఆమె ఎర్రావు కింద నుంచి లేచి బకెట్టులోకి చూసింది. నేను పక్కనే పళ్లు తోముకుంటున్నాను. పాలు గీతకు నాలుగు వేళ్ల కింద ఉన్నాయి. అక్క ఆ కొట్టంలో అడుగు పెట్టి పన్నెండు రోజులైంది. ఆమె బకెట్టును చూసింది. కొట్టం తడికలోంచి కనపడుతున్న పడసాలను, అక్కడ గూట్లో ఉన్న 417ను చూసింది. తర్వాత చాలాసేపు అక్కను చూసింది. ఆ చూపుకు అక్క ముఖం ఎర్రబడింది. అంతే, లెక్క కుదిరిపోయింది.

"సాయంత్రం నువ్వే పిండు," అంది. "ఐదింటికి."

అంతా అయింది కదా అని నేను సంచి సర్దుకుంటుంటే, ఆమె నా లిస్టు తీసుకుని, దాని మీద ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు పెట్టి, అక్కను తూర్పు ముఖంగా నిలబెట్టి మూడుసార్లు దిగదుడిచింది.

"అత్తా! ఇంత విన్నాక కూడానా? అది తప్పుల లిస్టని నువ్వే ఒప్పుకున్నావు. ఇరవై నాలుగోది నువ్వే చెప్పావు!"

"అవునప్పా, కాదన్నానా? ఎందుకైనా మంచిది." అని మిరపకాయలతో సహా పొయ్యిలో వేసింది. నా ఇరవై మూడు, ఆమె ఒకటి, అన్నీ కలిసి మండాయి. మేం నలుగురం దగ్గుకుంటూ వాకిట్లోకి వచ్చాం.

మదనపల్లె వెళ్లి పుస్తకం తిరిగిస్తే, భాయ్ పసుపు ముద్ర పేజీ తెరిచి, "క్యా సాబ్, మీరు కూడానా? అందరికన్నా నీట్‌గా చదివేది మీరే అని చెప్పుకుంటాను," అన్నాడు. ఆయనకు జరిగింది చెప్పే ఓపిక నాకు లేదు. సారీ భాయ్ అని వచ్చేశాను.

నాలుగు రోజులకు అక్క మళ్లీ ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. ఈసారి గొంతులో నవ్వు ఉంది.

"గీత దాటిందిరా. నిన్నటి నుంచి నా చేతి సంగటే తింటాంది."

"చూశావా? ఐదింటికి పిండితే పాలు వస్తాయి."

"ఆమె అట్ల సెప్పలేదు. సీటీ కాల్చినాంక పాలొచ్చినాయని ఊరంతా సెప్తాంది. నా మింద ఎవురో చేసింటే ఆమే తీసేసిందంట. ఇప్పుడు నేను మంచిదాన్ని."

నాకు ఒళ్లు మండింది. "రేపు నేను వస్తాను. ఆమెకు మొదటి నుంచీ వరసగా చెప్తాను. ఒకటి, ఆ పొద్దున ఆమె బకెట్టు చూసి..."

"నువ్వు రావద్దు."

"ఆమెకు తెలుసక్కా! ఆమెకు అంతా తెలుసు! ఐదింటికి అని ఆమే అంది!"

"తెలుసు," అంది అక్క. "తెలిసే అట్ల సెప్తాంది. నోరు మూసుకోని నీ పలకలు సూసుకో. నాకు ఆవు ఉండాది, ఇల్లు ఉండాది." తర్వాత, ఫోన్ పెట్టేసే ముందు, "ఈసారి వచ్చేటప్పుడు లావు పుస్తకం తే," అంది. "లిస్టు మాత్రం పుస్తకంలోనే రాయి."